మిరప కళ్ళంలో పెళ్ళిపందిరి

పెళ్ళిపందిళ్ళ పని నేర్చుకోవడానికి వెళ్ళేనాటికి నాకు ముప్పై నాలుగేళ్ళు. క్లాసులో నా పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయికి పంతొమ్మిది. మొదటిరోజు ఆ అమ్మాయి నన్ను చూసి లేచి నిలబడి నమస్కారం పెట్టింది, పాఠం చెప్పే మేడమ్‌ని అనుకుని. నేను కూడా నమస్కారం పెట్టి, మెల్లగా ఆమె పక్కనే కూర్చున్నాను. ఆ పిల్ల మొహంలో వచ్చిన మార్పు నాకిప్పటికీ గుర్తుంది.

తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. నేను నరసరావుపేటలో జాకెట్లు కుట్టేదాన్ని. గుంటూరులో ఎవరో ‘ఈవెంట్ డిజైన్’ అని ఆరునెలల కోర్సు పెట్టారని పేపర్లో చూశాను. మా ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్. విని పగలబడి నవ్వాడు.

“పెళ్ళిళ్ళు చెయ్యడానికి కోర్సేందే? మన పెళ్ళికి ఏ కోర్సు చదివినోడు వచ్చాడు?”

“అందుకే మన పెళ్ళి ఫొటోల్లో నాకంటే వెనకున్న తాటాకు దడే బాగా కనపడుద్ది” అన్నాను.

మర్నాడు ఆయనే బస్సు పాసు చేయించి తెచ్చాడు.

మూడునెలలు క్లాసులు, మూడునెలలు ఏదైనా డెకరేషన్ వాళ్ళ దగ్గర ఇంటర్న్‌షిప్. అదీ కోర్సు. క్లాసుల్లో రంగులు, వెలుగునీడలు, ‘థీములు’ నేర్పారు. చార్టు పేపర్ల మీద కోటలు గీశాం, నెమళ్ళు గీశాం, బృందావనాలు గీశాం. నావి బాగుండేవి. బాగున్నాయని అందరూ అనేవాళ్ళు కూడా. మీలో ఎవరి పనినైనా కోర్సులో అందరూ బాగుందంటుంటే ఒక్కమాట గుర్తుపెట్టుకోండి. కాగితం మీద గాలి వీచదు.

ఇంటర్న్‌షిప్‌కి నన్ను పంపింది పాత గుంటూరులో ఒక పెద్దాయన దగ్గరికి. అందరూ మాస్టారు అనేవారు. కుర్రతనంలో నాటకాలకు తెరలు వేసేవారట. నాటకాలు తగ్గిపోయాక పెళ్ళి స్టేజీల్లోకి వచ్చారు. మాట తక్కువ మనిషి. ఇరవై రోజులు నాచేత కొలతల టేపు చివర పట్టించడం తప్ప ఇంకేమీ చేయించలేదు. “ఇటు లాగు, అటు లాగు” ఇవే మా మధ్య సంభాషణలు. ఆ తర్వాత గుడ్డపని చేసే భాయ్‌కి అప్పజెప్పారు. ఆయనది వినుకొండ. పందిరి పైకప్పుకు కట్టే తెల్లగుడ్డని కుచ్చులు పోసి తామరపువ్వులా విప్పడంలో ఆయన్ని మించినవాళ్ళని నేను మళ్ళీ చూడలేదు. పదేళ్ళు మిషన్ తొక్కిన చేతులు కదా అని నేను ధీమాగా గుడ్డ పట్టుకుని లాగాను. చర్రున చిరిగింది.

“బట్టని లాగకూడదు చెల్లెమ్మా, బతిమాలాలి” అన్నాడాయన. అని, చిరిగిన చోటు కనబడకుండా దాని మీద ఒక కుచ్చు పోశాడు.

ఇంటర్న్‌షిప్ మూడోనెలలో ఒక రైతు, ఆయన కూతురూ వచ్చారు. చిలకలూరిపేట అవతల పల్లె వాళ్ళది. పెళ్ళికూతురు గుంటూరులోనే బీఈడీ చదివింది. పెళ్ళి ఊళ్ళోనే చేయాలని పట్టు. కారణం వాళ్ళ నానమ్మ. ఆవిడకి ఆయాసం. మంచం దిగి నాలుగడుగులు వేస్తే కూర్చోవాలి. కారెక్కించి గుంటూరు కల్యాణమండపానికి తేవడం కుదరదు.

“మా వీధిలో షామియానా వేద్దామంటే ఎదురెదురు అరుగులు తగులుకుంటయ్యి. బడి దగ్గర స్థలముంది గానీ ఊరికి ఆ చివర” అన్నాడు రైతు.

“ఇంటి పక్కన ఖాళీ ఏముందండీ?” అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది, నేను టేపు చివర పట్టుకునే మనిషిని. కానీ అడిగేశాను.

“ఇంటి పక్కనా? మా మిరపకాయల కళ్ళమే. కాయ అమ్మగా మిగిలింది పోయినవారమే టిక్కీ బస్తాలకెత్తి కోల్డ్ స్టోరేజీకి పంపాం. ఖాళీగానే ఉంది.”

సాయంత్రం మాస్టారూ నేనూ వెళ్ళి చూశాం. ఎకరం నేల, పలకలా చదును. ఏళ్ళ తరబడి తొక్కి తొక్కి గట్టిపడింది. ఆకు కదలడం లేదు. నాకు ఒళ్ళు పులకరించింది. నెత్తిన గడ్డిమోపుతో పోతున్న ఒకామె ఆగి, “ఈడా పెళ్ళి?” అని అడిగి నవ్వుకుంటూ పోయింది. సంతోషంతో నవ్విందనుకున్నాను.

రెండురోజులు కూర్చుని ప్లాను గీశాను. స్టేజీ లేదు. కళ్ళం నడిమధ్యలో అడుగెత్తు అరుగు, దాని మీద నాలుగు స్తంభాల మండపం, చుట్టూతా జనం. ఎటు కూర్చున్నా పెళ్ళి కనపడాలి. నానమ్మ తన అరుగు దిగి, మధ్యలో రెండుచోట్ల కూర్చుని లేచినా మనవరాలి పక్కకి చేరుతుంది. గడ్డివామి, ట్రాక్టరు, కూలీల కాలనీకి పోయే దారి, ఇవేవీ కనపడకుండా చుట్టూ పక్కతెరలు.

మాస్టారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు.

“నేను ఎప్పుడూ ఒకవైపు నుంచి చూసేదే వేశానమ్మా. నాలుగు వైపుల నుంచీ చూసేది నాకు తెలీదు” అన్నారు. నేను కాగితం వెనక్కి తీసుకోబోయాను. ఆయన ఇవ్వలేదు. “అందుకే ఇది నువ్వు చెయ్యి. నీ పందిరి. బాగైనా నీదే, చెడ్డా నీదే.”

పెళ్ళికి ముందురోజు తెల్లారేసరికి మా లారీ కళ్ళంలో ఉంది. పదిగంటలకల్లా స్తంభాలు లేచాయి. భాయ్ పైకప్పు సగం కట్టాడు. ఇంటివైపు వదిలేసి, పక్కతెరలు మూడువైపులా అయ్యాయి. రోళ్ళు పగిలే ఎండ. జనానికి గాలి ఆడాలి కదా, ఆరు పెద్ద నిలువు ఫ్యాన్లు తెప్పించాం. ఎక్కడెక్కడ పెట్టాలో చూద్దామని ఎలక్ట్రీషియన్‌తో అన్నాను:

“అన్నీ ఒక్కసారి వేయండి.”

వేశాడు.

మొదట తుమ్మింది ఆయనే. తర్వాత నేను. తర్వాత ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క లేదు. మూడునెలలు అక్కడ ఎండిన కాయల పొడి, తొడిమల నలుసు, పగిలిన గింజల దుమ్ము అంతా నేలలో కూర్చుని మా ఫ్యాన్ల కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచింది. పక్కతెరలు కట్టాం గదా, ఇంటివైపు తప్ప బయటికి పోయే దారి లేదు. కళ్ళు మండి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నిచ్చెన మీదున్న భాయ్ ఒక చేత్తో గుంజ పట్టుకుని, ఇంకో చేత్తో మొహం కప్పుకుని దిగే దారి కనపడక అరుస్తున్నాడు. ఎలక్ట్రీషియన్ తడుముకుంటూ పోయి జనరేటర్ ఆపాడు.

అప్పుడు వినపడింది, అరుగు మీద నానమ్మ దగ్గు. ఆగి ఆగి, ఊపిరి అందక, మళ్ళీ దగ్గు. ఇద్దరు ఆడవాళ్ళు ఆవిణ్ణి రెండు రెక్కలూ పట్టుకుని లోపలికి తీసుకుపోయి తలుపులేశారు. రైతు పరుగెత్తుకొచ్చాడు.

“ఏందమ్మా ఇది? పెళ్ళి చేత్తన్నారా, ఊరందరికీ దిష్టి తీత్తన్నారా? మా అమ్మకేమన్నా అయితే?”

ఎండుమిర్చి మధ్యన పుట్టి పెరిగినదాన్ని నేను. గుంటూరు మిర్చి యార్డు పక్కనుంచి బస్సు పోతుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. ఆ నేలను పొడవూ వెడల్పూ కొలిచాను గానీ అది ఏ నేలో ఆలోచించలేదు. లారీ వెనక్కి పోయి కూర్చున్నాను. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, నరసరావుపేటకు పోయే బస్సు ఎన్నింటికో గుర్తు చేసుకుంటున్నాను. ఆ మాట దాచను.

మాస్టారు వచ్చి ఎదురుగా నిలబడ్డారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తిడతారనుకున్నాను.

“ఇక్కడ పెళ్ళి పెడుతున్నామని ఊళ్ళో ఎవర్ని అడిగావు?”

“ఎవర్నీ అడగలేదండీ.”

“నేనూ అడగలేదు. పో, ఇప్పుడు అడుగు.”

ఆ కళ్ళంలో ఏటా కాయలు ఆరబోసేదీ, రంగుపోయిన తాలుకాయ ఏరేదీ కాలనీ ఆడవాళ్ళు. ముప్పై నలభైమంది ముఠా. వాళ్ళ ముఠాపెద్ద ఇల్లెక్కడో అడుక్కుంటూ వెళ్ళాను. బోరింగు దగ్గర బిందె పెట్టి నిలబడి ఉంది. చూడగానే గుర్తుపట్టాను. గడ్డిమోపుతో పోతూ నవ్విన మనిషి.

“ఆ రోజే చెప్పకపోయారా అమ్మా?” అన్నాను.

“నువ్వడిగితేగా చెప్పడానికి! టేపేసుకుని గిరగిరా తిరుగుతుంటివి. ఏదో తెలిసిందానివే అనుకున్నా.” నా మొహం చూసి గొంతు తగ్గించింది. “ఊడ్పించావా?”

“ఇప్పుడు ఊడ్పిద్దామనే అనుకుంటున్నానమ్మా.”

“చీపురు పెడితే ఇంకా లేచిద్ది. ఘాటు నేల్లో ఉంటది తల్లీ. ముందు నీళ్ళు కొట్టి తడపాల. పైపొర పారతో గీకి చేలోకి ఎత్తిపొయ్యాల. మళ్ళా తడిపి, చిక్కగా పేడేసి అలకాల. ఈ ఎండకి మూడుగంటల్లో ఆరిపోయిద్ది. అప్పుడు నువ్వు ఫ్యానేసుకో, తుఫానేసుకో.”

“ఎకరం నేల. సాయంత్రానికి అవుతుందా?”

“మేం నలభైమందిమి దిగితే అయిద్ది.” బిందె పక్కకు జరిపింది. “కూలి సంగతి ఆయన చూసుకుంటాడులే, ఆ మాట తప్పడు. నాది ఇంకో మాట.”

“చెప్పమ్మా.”

“ఏడాదికి మూణ్ణెల్లు ఆ కళ్ళంలోనే మా బతుకు. ఆ పిల్ల బుడిబుడి అడుగులేసుకుంటా మా మధ్యన కాయలేరుకుంటా పెరిగింది. రేపు పెళ్ళికి పిలుపుంది, బంతులన్నీ లేచినాక వచ్చి తినమని. అదెప్పుడూ ఉండేదే. నువ్వేమో మా దారెమ్మటే తెర కట్టావు. ఆ తెర తీసేయ్. మా దోవన మేం కూర్చుని తాళి కట్టేది చూత్తాం. అంతే.”

కాగితం మీద ఆ తెర గీసేటప్పుడు నేను దాచానని అనుకున్నది గడ్డివామినీ ట్రాక్టరునీ. ఆ దారిన మనుషులు నడుస్తారని తెలిసే గీశాను. తెలిసే గీశానన్నది ఆ నిమిషంలోనే నాకు తెలిసింది.

రైతు దగ్గరికి వెళ్ళి నీళ్ళ సంగతి, పేడ సంగతి చెప్పాను. వెంటనే సరేనన్నాడు. తెర సంగతి చెప్పాను. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“అయ్యన్నీ నీకెందుకమ్మా? కూలికి రెండింతలిత్తానని చెప్పు.”

“అడగమన్నది కూలి కాదండీ.”

“మగపెళ్ళివారు ఏమనుకుంటారు? బంధువులేమనుకుంటారు?”

పెళ్ళికూతురు గుమ్మంలోకి వచ్చింది. నలుగు పెట్టిన మొహం, పసుపు ఇంకా ఆరలేదు. “నాన్నా, నాకు లెక్కపెట్టడం నేర్పింది వాళ్ళే, మిరపకాయలతో” అంది. అక్కడ ఆ మాట అలాగే నిలబడిపోయేదేమో, చెప్పలేను. కానీ లోపలి గదిలోంచి నానమ్మ గొంతు వచ్చింది. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటోంది.

“తియ్యరా... ఆ గుడ్డ. గాలన్నా... వచ్చిద్ది.”

తల్లి మాటకి ఆయన నేలవైపు చూస్తూ, “తీసెయ్యండి” అన్నాడు.

నేను వెళ్ళేసరికే భాయ్ తెర ముళ్ళు విప్పుతున్నాడు. మోచేతుల దాకా ఘాటెక్కి మండుతుంటే మజ్జిగలో చేతులు ముంచి తీసి, మళ్ళీ ముడి పట్టుకుంటున్నాడు. విప్పిన తెర కుప్పగా పడింది. అవతల దారిలో నలభైమంది ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. చీరలు ఎగ్గట్టి, తలకు గుడ్డలు చుట్టుకుని, చేతుల్లో పారలు, తట్టలు.

ఆ పూట చూసిన పని నా సర్వీసులో మళ్ళీ చూడలేదు. రెండు ట్రాక్టర్ల ట్యాంకర్లు నీళ్ళు పోశాయి. తడిసిన నేల మీద ఆడవాళ్ళు వరసగా నిలబడి పైపొర గీకుతుంటే ఎర్రెర్రగా చెక్కలు చెక్కలుగా లేచింది. ఊరి దొడ్లన్నిట్లోంచీ పేడ తట్టలు వచ్చాయి. తర్వాత అలకడం. అందరూ ఒకే వరసలో వంగి, చేతులు అర్ధచంద్రాల్లా తిప్పుతూ వెనక్కి వెనక్కి జరుగుతుంటే, వాళ్ళ ముందు నేల పచ్చగా పరుచుకుంటూ వచ్చింది. నేనూ చీర దోపి వరసలో కూర్చున్నాను. ముఠాపెద్ద నా చేతికింద నేల చూసి, “ముద్దలు ముద్దలుగా పెడుతున్నావేందమ్మా, ఇది పందిరి కాదు” అంది. వరసంతా నవ్వు. మాస్టారు తెల్లపంచె మోకాళ్ళ పైకి కట్టి నీళ్ళ బిందెలు అందిస్తున్నారు. నాలుగున్నరకి చివరి మూల అలికేశాం. చీకటిపడేసరికి నేల ఆరి, కాలు పెడితే చల్లగా ఉంది.

మేం తెచ్చిన ఎర్రతివాచీలు అప్పటికి లారీలోనే ఉన్నాయి. దింపించబోయాను. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

“ఇంత నేల చేసుకుని దీన్ని మళ్ళీ కప్పుతావా?”

ఘాటు పట్టిన మిగతా తెరలు కూడా విప్పేశాం. దులిపి మళ్ళీ పైకప్పుకు కట్టిన తెల్లగుడ్డ ఒక్కటే మిగిలింది. చార్టు పేపరు మీద నేను గీసినదాంట్లో సగం లేదు.

మర్నాడు పొద్దున్నే ముఠా ఆడవాళ్ళు మేం పిలవకుండానే ముగ్గుడబ్బాలతో వచ్చారు. చుక్కలు పెట్టలేదు, గీత గీయలేదు. మండపం మెట్టు దగ్గర ఒకామె మొదలుపెట్టిన తీగని పక్కామె అందుకుంది, ఆమెనుంచి ఇంకొకామె. గంటన్నరలో ఆ తీగ కళ్ళమంతా పాకి మండపం చుట్టూ తిరిగింది. ఆకుపచ్చ నేల మీద తెల్లటి తీగలు నాలుగుదిక్కులా పాకి ఒకవైపు నానమ్మ అరుగుని, ఇంకోవైపు కాలనీ దారిని పట్టుకున్నాయి. తీగల మధ్య విడిచిపెట్టిన ఖాళీల్లోనే కుర్చీలు వేశాం. కెమెరామన్ నిచ్చెనెక్కి పై నుంచి చూసి, “అమ్మో” అన్నాడు.

ముహూర్తం పదిన్నరకి. తొమ్మిదింటికే వేడిగాలి మొదలైంది. జనం వచ్చేశారు. చెమటలు కారుతున్నాయి, విసనకర్రలు ఊగుతున్నాయి. ఎలక్ట్రీషియన్ స్విచ్చి మీద చెయ్యిపెట్టి నావైపు చూశాడు. నేను మాస్టారువైపు చూశాను. ఆయన ఆకాశంవైపు చూస్తున్నారు.

“వెయ్యండి” అన్నాను.

ఆరు ఫ్యాన్లూ తిరిగాయి. చీరకొంగులు లేచాయి. నేను నానమ్మని చూస్తున్నాను. గాలి ఆవిడ తెల్లజుట్టుని కదిపింది. ఆవిడ కళ్ళు మూసుకుని, ముక్కు పైకెత్తి, నిండుగా ఊపిరి పీల్చుకుంది. వదిలింది. మళ్ళీ పీల్చుకుంది. దగ్గలేదు. అరుగు దిగి, కొడుకు భుజం పట్టుకుని, తీగముగ్గు తొక్కకుండా పక్కపక్కన అడుగులేసుకుంటూ, మధ్యలో ఎక్కడా కూర్చోకుండా మండపం దగ్గరికి వచ్చింది.

మాంగల్యధారణకి సిద్ధమవుతుండగా పురోహితుడు గట్టిగా తుమ్మాడు. డోలు ఆగిపోయింది. ఐదువందలమంది ఒక్కసారి నేలవైపు చూశారు. రైతు మొహంలో నెత్తురు లేదు.

“జలుబండీ! మొన్నట్నుంచీ ఉంది” అన్నాడు పురోహితుడు కంగారుగా. “మిరపకాయ కాదు.”

“నూరేళ్ళు!” అంది నానమ్మ పెద్దగా.

మొదట కాలనీ దారిలో కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు కుర్చీల్లోకి వచ్చి, మండపం ఎక్కి, పెళ్ళికొడుకు దాకా పోయింది. ఆ నవ్వులోనే తాళి కట్టాడు. నాలుగువైపుల నుంచీ అక్షింతలు పడ్డాయి. ఆ దారివైపు నుంచి అందరికంటే ఎక్కువ పడ్డాయి.

భోజనాల దగ్గర గుంటూరునుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మాస్టార్ని పట్టుకున్నాడు. ఆయనకు కార్తీకమాసంలో కొడుకు పెళ్ళి. “ఈ నేల అలంకారం ఆలోచన ఎవరిదండీ? హైదరాబాదు నుంచి ఎవర్నన్నా పిలిపించారా?” అని అడిగాడు. మాస్టారు నన్ను చెయ్యూపి పిలిచారు. అప్పటిదాకా ఆయన నన్ను ఎవరికైనా చూపించాల్సి వస్తే ‘నేర్చుకోవడానికి వచ్చిందండీ’ అనేవారు.

“మా డిజైనర్” అన్నారు ఆ రోజు. ఆ మాట ఆయన నోట్లో కొత్తగా ఉన్నట్టుంది, కొంచెం తడబడ్డారు.

“ఆలోచన నాది కాదండీ” అని ముఠాపెద్దని చూపించాను. ఆ పెద్దమనిషి అర్థం కానట్టు చూశాడు. ఆమె మాత్రం నావైపు తిరిగి, చేతిలో తమలపాకులు పట్టుకునే, “నీదీ, నాదీ. సగం సగం” అంది.

పదిహేను రోజుల తర్వాత ఆమె పాత గుంటూరుకి మా షాపు వెతుక్కుంటూ వచ్చింది. నా ఇంటర్న్‌షిప్‌లో అది ఆఖరివారం. కుర్చీ వేస్తే కూర్చుంది.

“మా పిల్లకి సంబంధం కుదిరింది. ముగ్గు మేమేసుకుంటాం. పందిరి నువ్వెయ్యాల. ఎక్కడంటావు?”

“మీరు చెప్పండి.”

“కళ్ళం అడుగుదామనుకుంటన్నా” అంది మెల్లగా.

అడిగింది ఆమే. నేను పక్కన నిలబడ్డాను, అంతే. రైతు వెంటనే అవుననలేదు. మూడురోజులు తీసుకున్నాడు. ఆ మూడురోజుల్లో ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలీదు. నాలుగోరోజు షాపుకి ఫోనొచ్చింది. “నీళ్ళ ట్యాంకరు మాది పెట్టుకోండి” అన్నాడు.

భాయ్ తెల్లగుడ్డ కట్టాడు. మాస్టారు టేపు చివర పట్టుకున్నారు. అదే కళ్ళంలో, ఏ వైపూ తెర లేకుండా, నా చేతులమీదుగా నేను ఒప్పుకుని చేసిన మొదటి పెళ్ళి జరిగింది. రైతు భార్యతో సహా వచ్చాడు. చాలాసేపు కళ్ళం అంచున నిలబడ్డాడు. ఎవరో కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు. అక్షింతలు వేశాడు. ఇక లేచి వెళ్ళిపోతాడనే అనుకున్నాం అందరం.

ఆయన లేచి నేరుగా మొదటి బంతిలోకి వెళ్ళి, ముఠావాళ్ళ మధ్య ఆకు ముందు కూర్చున్నాడు. గోంగూర బాగుందని రెండోసారి అడిగి వేయించుకున్నాడు.